కామెంటరీ మైకు గారికి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ కామెంటరీ మైకు గారికి,

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమందరం క్షేమం. మా బెంగల్లా మీ గురించే, ఎందుకంటే వ్యాఖ్యాతలు నోరు జారిన ప్రతిసారీ నేరం మీ మీదికే వస్తోంది.

2006లో కొలంబో టెస్టులో గడ్డం పెంచుకున్న ముస్లిం ఆటగాడు హషీమ్ ఆమ్లా క్యాచ్ పట్టగానే వ్యాఖ్యాత డీన్ జోన్స్ అతణ్ణి ఉగ్రవాది అన్నారు. ఉద్యోగం పోయాక, ప్రకటనల విరామం నడుస్తోందనుకున్నానని చెప్పుకున్నారు. 2011లో ఇంగ్లండులో ఇద్దరు ఫుట్‌బాల్ వ్యాఖ్యాతలు, సహాయ రిఫరీగా ఉన్న మహిళకు ఆఫ్‌సైడ్ నియమం ఎవరైనా నేర్పాలని, ప్రసారం కావడం లేదు, మీరు నిద్రపోతున్నారనే ధీమాతో నవ్వుకున్నారు. తీరా అదే మ్యాచ్‌లో ఒక గోలు దగ్గర ఆమె నిర్ణయమే సరైనదని తేలింది. అంటే తప్పు మాటలో లేదన్నమాట, తమరు మేలుకొని ఉండటంలో ఉంది. (2024 డిసెంబరులో బ్రిస్బేన్‌లో బుమ్రాను వానరజాతికి వాడే మాటతో పొగిడిన వ్యాఖ్యాత ఈసా గుహ మాత్రం మర్నాడే మీ ముందే క్షమాపణ చెప్పారు. మిమ్మల్ని నిందించలేదు.)

మీరు మేలుకొని ఉన్నారని తెలిసీ అనేవారి సంగతి వేరు. 2020 ఫిబ్రవరిలో కర్ణాటక, బరోడాల రంజీ మ్యాచ్ జరుగుతుండగా, ప్రతి భారతీయుడికీ హిందీ రావాలని, అదే మన మాతృభాష అని ఒక వ్యాఖ్యాత మీ ద్వారా సెలవిచ్చారు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, బజారులో రెండూ కలిపి మాట్లాడుకుంటూ, 1936లో ఒడిశాలో కలిసినప్పటి నుంచీ నెట్టుకొస్తున్న మా ఊరివాళ్లకు, మా అమ్మలు ఏ భాషవాళ్లో క్రికెట్ చూస్తే గాని తెలియలేదు.

తెలుగు కామెంటరీ మనదే కనుక మరికాస్త బాధ. పంచ్ డైలాగు పూర్తయ్యేలోపు బంతి ఎటు పోయిందో చెప్పే తీరిక ఆ వ్యాఖ్యాతలకు ఉండదు. అందుకే మా టీ కొట్టులో శబ్దం పూర్తిగా తగ్గించేస్తారు. మూకుడులో పకోడీలు తిప్పుతున్న యజమాని తలెత్తకుండానే “ఏమైంది?” అంటాడు, బెంచీ చివర కూర్చున్న ఆటో డ్రైవరు “పాయింట్ దగ్గర ఆపాడు, సింగిలే” అంటాడు. ఆ తరువాత ఇద్దరూ నోరు మూసుకుని తరువాతి బంతి చూస్తారు. ఈ విద్యకు జీతం ఎంత ఇస్తారో తమరే కనుక్కొని చెప్పాలి.

చివరిగా ఒక మనవి. తమరు మేలుకొని ఉన్నట్టు తెలిపే ఎర్రదీపాన్ని దయచేసి వ్యాఖ్యాతల ముక్కుకు ఎదురుగా పెట్టించుకోగలరు. అప్పుడు క్షమాపణ పత్రంలో రాసుకోవడానికి వారు వేరే సాకు వెతుక్కుంటారు.

ఇట్లు,
తమ విధేయుడు