గుంపు చుట్టూ గిరి ఎక్కడ గీయాలి?

అనంతపురం జిల్లాలో చీనీ తోట పెట్టిన రైతుకు పక్క పొలంలో బోరు బండి చప్పుడు వినబడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. వాళ్లు ఇంకా లోతుకు పోతే తన బోరు ఎండిపోతుందేమోనని భయం. పొదుపు చేద్దామని మోటారు ఆపితే ఆ నీళ్లు తన కోసం కాచుకుని కూర్చోవు, పక్కవాడి మోటారు తోడేసుకుంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద ఈ పోటీ ఎక్కడ తేలుతుందో ఊరందరికీ తెలుసు. తెలిసీ ముందుగా ఆపే ధైర్యం ఎవరికీ చాలదు.

జీవపరిణామ శాస్త్రంలో అరవై ఏళ్లకు పైగా నలుగుతున్న తగవు సరిగ్గా ఈ ముడి దగ్గరే మొదలైంది. జంతువులు తమ మేత తరిగిపోకుండా సంతానాన్ని తామే అదుపులో పెట్టుకుంటాయని 1962లో బ్రిటన్ శాస్త్రవేత్త విన్-ఎడ్వర్డ్స్ వాదించాడు. అదుపు పాటించిన గుంపులు నిలుస్తాయి, పాటించనివి తిండి లేక నశిస్తాయి అన్నాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. జంతువుల గురించి చెప్పేటప్పుడు 'జాతి మనుగడ కోసం' అని మనం ఇప్పటికీ అలవాటుగా అనేస్తుంటాం.

1966లో అమెరికా శాస్త్రవేత్త జార్జి విలియమ్స్ ఈ వాదాన్ని గట్టి దెబ్బ కొట్టాడు. తక్కువ పిల్లలతో సరిపెట్టుకునే పిట్టల గుంపులో ఒక్క పిట్ట మరో రెండు పిల్లలను పెంచగలిగిందనుకోండి. మిగతావి వదిలిన మేత తిని దాని సంతానమే పెరుగుతుంది. కొన్ని తరాలు గడిస్తే సరిపెట్టుకునే రకమే కనబడదు. ఒక గుంపు మొత్తం నశించి ఇంకో గుంపు ఆ చోటికి రావడానికి చాలా కాలం పడుతుంది. గుంపు లోపల స్వార్థం పెరగడానికి అంత కాలం అక్కర్లేదు. మన బోర్ల సంగతీ ఇంతే.

అయితే తేనెటీగ తన ప్రాణం పోగొట్టుకుని ఎందుకు కుడుతుంది? దానికి 1964లోనే బ్రిటన్ శాస్త్రవేత్త హామిల్టన్ లెక్క కట్టి చూపించాడు: రక్తసంబంధీకులను కాపాడితే తన జన్యువులూ వాళ్లలో బతుకుతాయి. చాలామంది తగవు అక్కడితో తీరిపోయిందనుకున్నారు.

నన్ను మళ్లీ ఆలోచనలో పడేసినవి కోళ్లు. ఒకే పంజరంలో ఎక్కువ కోళ్లను పెడితే ఒకదాన్నొకటి పొడుచుకుని చస్తాయి. అందుకే ఫారాల్లో ముక్కులు కత్తిరిస్తారు. బాగా గుడ్లు పెట్టే కోడిని విడిగా ఏరి దాని పిల్లలను పెంచితే చిక్కు ముదరవచ్చు, ఎందుకంటే పక్కవాటిని పొడిచి మేత లాక్కునే కోడే ఎక్కువ గుడ్లు పెట్టి ఉండవచ్చు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మ్యూర్ కోడిని ఏరడం మానేసి పంజరాన్ని ఏరాడు. మొత్తంగా బాగున్న పంజరంలోని కోళ్లన్నిటినీ తర్వాతి తరానికి వాడాడు. 1996లో ఆయన ప్రకటించిన ఫలితం ఇది: ఏడాదిలో చనిపోయే కోళ్లు రెండో తరంలో 68 శాతం, నాలుగో తరానికి 8.8 శాతం. కోడికి ఏడాదికి 91 గుడ్లు వచ్చేవి 237కు పెరిగాయి.

ఒక పంజరంలోవి ఒకే కుటుంబపు కోళ్లు కాబట్టి ఇది హామిల్టన్ చెప్పిన రక్తసంబంధమే అనేవాళ్లున్నారు. నిజమే. అమెరికా శాస్త్రవేత్త జార్జి ప్రైస్ 1970లో ఇచ్చిన సమీకరణాన్ని వాడి, రక్తసంబంధపు లెక్కనూ గుంపు లెక్కనూ ఒకే చట్రంలో చూడవచ్చని 1975లో హామిల్టనే చూపించాడు. కానీ గుంపు వైపు నుంచి లెక్క మొదలుపెడితే ఒక ప్రశ్న తప్పకుండా అడగాల్సి వస్తుంది: గుంపు చుట్టూ గిరి ఎక్కడుంది? మ్యూర్ కోళ్లకు పంజరమే గిరి. లోపలున్నవి బయటికి పోవు, బయటివి లోపలికి రావు, బాగైనా చెడినా అన్నిటికీ కలిసే. అందుకే అక్కడ ఓర్పుకు విలువ వచ్చింది.

బోర్ల విషయంలో మనం గీసుకున్న గిరి తప్పని నా అభిప్రాయం. పొలం గట్టుకూ, పంచాయతీ పొలిమేరకూ కింద పారే నీళ్లతో పని లేదు. కలిసి మునిగేదీ తేలేదీ ఒకే వాగు పరీవాహకం మీద ఆధారపడిన బోర్లన్నీ. 2010కి ముందు కొన్నేళ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో అనంతపురం, కడప, కర్నూలు సహా ఏడు జిల్లాల్లో నడిచిన ఏపీఫామ్స్ అనే భూగర్భ జలాల ప్రాజెక్టు గిరిని అక్కడే గీసింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఎన్ని నీళ్లున్నాయో, ఏ పైరు ఎంత తాగుతుందో లెక్క వేసుకున్నారు. ఏ పైరు వేయాలో ఎవరిష్టం వాళ్లదే, బలవంతం లేదు. అందరి అంకెలూ అందరి ముందూ ఉన్నాయి, అంతే.

ఊళ్లు కోళ్లు కావు. ఎండిన ఊరి స్థానంలో పొదుపరి ఊరు పుట్టదు. ఊళ్ల మధ్య పాకేది జన్యువు కాదు, పద్ధతి. దానికి తరాలు ఆగనక్కర్లేదు, ఒక రబీ చాలు. కానీ ఇప్పటికీ బోరు అనుమతికి దరఖాస్తు ఒక్క రైతు పేరు మీదే వస్తుంది. అది వచ్చిన రోజు ఆ వాగు మీద ఆధారపడిన బోర్లన్నిటి నీటిమట్టాలూ బల్ల మీద ఉండాలి, ఆ రైతులందరికీ కబురు వెళ్లాలి.