బరువు యాప్‌లోకి ఎక్కింది, కబురు ఎవరికి చేరింది?

మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే చాలామంది పట్టించుకోరు. గుండె వైఫల్యంతో, అంటే గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేని జబ్బుతో, బతుకుతున్న మనిషికి మాత్రం అది ఒంట్లో నీరు చేరుతోందన్న కబురు కావచ్చు. పడుకుంటే ఊపిరాడక అర్ధరాత్రి లేచి కూర్చునే దశ రాకముందే ఆ కబురు అందుతుంది. వెంటనే డాక్టరుతో మాట్లాడి, నీరు తగ్గించే మాత్ర మోతాదు సరిచేయించుకుంటే ఆసుపత్రి తప్పే అవకాశం ఉంది.

ఈ పనంతా యాప్‌లు చూసుకుంటాయని ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. పరికరం మీద నాకు అభ్యంతరం లేదు. అంకె నమోదు చేయడమే స్వీయ సంరక్షణ అనుకోవడమే పొరపాటు. రోజువారీ జాగ్రత్తలు పాటించడం, ఒంట్లో మార్పుల్ని గమనించడం ఒక ఎత్తు. మార్పు కనిపించిన రోజున ఏం చేయాలో తేల్చుకోవడం మరో ఎత్తు. రోగి తడబడేది అక్కడే.

అమెరికాలో 1,653 మంది గుండె వైఫల్య రోగులతో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వారిలో ఒక వర్గం రోజూ ఫోన్‌ చేసి యంత్రం అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. మామూలు వైద్యం కంటే మేలేమీ తేలలేదు. ఆ వర్గంలో సుమారు 14 శాతం మంది ఆ ఫోన్‌ను ఒక్కసారి కూడా వాడలేదు. 2018లో వచ్చిన జర్మనీ అధ్యయనంలో 24 గంటలూ వైద్యులు, నర్సులు కనిపెట్టుకుని ఉండే కేంద్రం పనిచేసింది. అక్కడ మరణాలు తగ్గాయి, ఆసుపత్రి పాలయ్యే రోజులూ తగ్గాయి. ఈ తేడాకు ఇతర కారణాలూ ఉండొచ్చు. అయినా అవతల మనిషి ఉండటమే ప్రధానమని నా నమ్మకం. అయితే తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిని ఆ జర్మనీ అధ్యయనంలో చేర్చుకోలేదు. గుండె జబ్బుతో పాటు మనసూ కుంగినవారికే కదా రోజూ బరువు చూసుకునే ఓపిక ఉండనిది!

ఆన్‌లైన్‌లో ఆరోగ్య సమాచారం వెతికి, అర్థం చేసుకుని వాడుకునే నేర్పును డిజిటల్ ఆరోగ్య అక్షరాస్యత అంటారు. దాన్ని కొలిచే తీరులోనూ లోటుంది. 2006లో వచ్చిన ఈహీల్స్ అనే 8 ప్రశ్నల కొలమానం ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. అది ప్రధానంగా అడిగేది మనిషికి తన మీద ఉన్న ధీమా గురించే. ధీమా ఉన్నవారూ పప్పులో కాలేస్తారు. ‘గుండెకు మంచిది’ అని చదివి సోడియం తక్కువున్న ఉప్పు కొంటారు. అందులో చాలా రకాల్లో పొటాషియం ఉంటుంది. గుండె వైఫల్యానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ అనే మాత్ర వాడేవారి రక్తంలో ఆ పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. కీళ్ల నొప్పులకని సొంతంగా వేసుకునే ఐబుప్రోఫెన్ ఒంట్లో నీటిని నిలిపేస్తుంది. ఈ రెండూ తెలియని ధీమాకు ఎన్ని మార్కులు వస్తే ఏం లాభం?

జీవన నాణ్యత అంటే మెట్లెక్కగలగడం, ఆయాసపడకుండా స్నానం చేయగలగడం, ఇంట్లోవాళ్లకు భారమయ్యానన్న దిగులు లేకుండా నిద్రపోగలగడం. అందుకే ఇంటికి పంపే ముందు యాప్ ఎక్కించి ఊరుకోకూడదు. ‘రెండు కిలోలు పెరిగితే ఏం చేస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు?’ అని రోగిని, ఆ ఫోన్ వాడిపెట్టే కొడుకునో కోడలినో పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. జవాబు వాళ్ల మాటల్లోనే రావాలి. రాకపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.