సవరణ: టీమక్స్‌లో పాత అవుట్‌పుట్ ఎందుకు దొరకదు

పాత అవుట్‌పుట్ వెనక్కి చూడాలంటే గ్నోమ్ టెర్మినల్ (లినక్స్‌లో కమాండ్లు టైప్ చేసే విండో) ప్రిఫరెన్సెస్‌లో స్క్రోల్‌బ్యాక్‌ను, అంటే దాచి ఉంచే పాత లైన్ల సంఖ్యను, 10000 నుంచి పెంచితే చాలని పాత పోస్టులో ఉంది. టీమక్స్ (tmux, ఒకే టెర్మినల్‌ను అనేక భాగాలుగా విడగొట్టి వాడుకునే ప్రోగ్రామ్) వాడేవాళ్లకు అది వర్తించదు. టీమక్స్ ఆల్టర్నేట్ స్క్రీన్‌లో (చరిత్ర దాచని విడి తెరలో) నడుస్తుంది కాబట్టి టెర్మినల్ చరిత్రలోకి ఆ లైన్లు చేరవు. ప్రతి పేన్‌కూ (విడగొట్టిన ఒక్కో భాగానికీ) టీమక్స్ సొంతంగా చరిత్ర దాస్తుంది, డిఫాల్ట్ 2000 లైన్లు.

పెంచాలంటే హోమ్ డైరెక్టరీలోని టీమక్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో 'set -g history-limit 50000' అని రాసి, సోర్స్-ఫైల్ కమాండ్‌తో మళ్లీ లోడ్ చేయండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే: అప్పటికే తెరిచి ఉన్న పేన్లకు పాత పరిమితే ఉంటుంది, కొత్త పేన్ తెరవాల్సిందే. వెనక్కి చూడటానికి కంట్రోల్-బీ, తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్. బయటికి రావడానికి క్యూ. లైన్లన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, అందుకే పేన్లు ఎక్కువగా తెరిచేవాళ్లు లక్షల్లో పెట్టకపోవడం మేలు.