సవరణ: సముద్రపు వేటలో మన స్థానం

సముద్రపు వేటలో భారత్‌ది ప్రపంచంలో రెండో స్థానమని మొన్న రాశాను. అది తప్పు, చెరువు చేపలు కలిసిన మొత్తం ఉత్పత్తి లెక్కను వేటకు అంటగట్టాను. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో సముద్రపు వేటలో చైనా మొదటిది, సుమారు 1.18 కోట్ల టన్నులు. తర్వాత ఇండోనేషియా, పెరూ. మనం వాటికి ఇంకా వెనుక. మన ఉత్పత్తిలో పెద్ద వాటా చెరువులదీ మంచినీళ్లదీ.

ప్రపంచ సముద్ర వేట 1980ల చివరి నుంచి ఏటా 8 కోట్ల టన్నుల చుట్టూనే తిరుగుతోంది. పెరూ లెక్క మాత్రం ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కంటే వేడెక్కడం) వస్తే తలకిందులే: 2023లో అక్కడ ఆంకోవీ అనే చిన్న చేపల తొలి సీజన్ వేటనే రద్దు చేశారు. వేటలో మనది రెండో స్థానమన్న మాటపై ‘అంత పట్టుబడి ఉంటే మా వలల్లో ఏదండీ?’ అన్న ఒడిశాలోని గోపాలపూర్ తెలుగు జాలర్ల అనుమానం సరైనదే.