ఇంట్లో వింటే చాలదా?

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇంగ్లండ్‌కు చెందిన హెవీ మెటల్ (భారీ మోతతో సాగే రాక్ సంగీతం) బృందం ఐరన్ మెయిడెన్ కచేరీ జరిగింది. ఆ స్థాయి మెటల్ బృందం మన దేశానికి వచ్చి సొంత కచేరీ ఇవ్వడం అదే మొదలు. 30 వేలకు పైగా జనం వచ్చారు. హైదరాబాదు నుంచి రాత్రి బస్సు పట్టుకుని వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. వాళ్ళు ఎక్కడ కలుసుకున్నా ఇప్పటికీ ఆ సాయంత్రం ముచ్చటే. అవన్నీ కోతలని కొట్టిపారేసేవాళ్ళు కూడా ఉన్నారు. మంచి స్పీకర్లున్న ఇంట్లో కూర్చుని వింటే చాలదా అని వాళ్ళ వాదన. ఈ రెండు పక్షాలనూ ఒక అక్కకూ తమ్ముడికీ అప్పగిస్తున్నాను. నాది అక్క పక్షం. అలాగని తమ్ముడి నోరు నొక్కలేదు.

తమ్ముడు: అక్కా, మీ స్నేహితులు వచ్చినప్పుడల్లా వింటున్నాను. గాయకుడు బ్రూస్ డికిన్సన్ తన కళ్ళలోకి చూశాడని ఒకరు, తనను చూసి చెయ్యి ఊపాడని ఇంకొకరు. ముప్పై వేల మందిలోనా? అసలు సంగతి నేను చెప్పనా? సెలవు పెట్టి, డబ్బు పోసి, ఒళ్ళు హూనం చేసుకుని వెళ్ళాక బాగాలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసు రాదు. అందుకే ఏడాది గడిచేకొద్దీ ఆ కచేరీ ఇంకా గొప్పదైపోతోంది.

అక్క: బాగాలేనివి మేము దాచామా? కాళ్ళ కింద దుమ్ము, ఎండిపోయిన గొంతు, ఆడవాళ్ళకు సరైన మరుగుదొడ్లు లేకపోవడం, నల్ల చొక్కాల గుంపులో నాలాంటి ఆడపిల్లలు ఎక్కడో ఒకరు కనిపించడం, అన్నీ చెప్పాం. నువ్వు డికిన్సన్ చూపు దగ్గరే ఆగిపోయావు.

తమ్ముడు: సరే, ఆ చూపు సంగతి వదిలేద్దాం. వినడానికే కదా వెళ్ళారు? ఏమి వినిపించింది? ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి డ్రమ్ము మీద కర్ర పడటం ముందు కనిపిస్తుంది, మోత సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆరుబయట గాలి వీచినప్పుడల్లా గిటారు స్వరం ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళ కేకలు సరేసరి. అదే పాట నా గదిలో వింటే ఏ గిటారు ఎడమ పక్క, ఏది కుడి పక్క అన్నది స్పష్టంగా తెలుస్తుంది. బేస్ గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు సైతం వినిపిస్తుంది. వాళ్ళు స్టూడియోలో నెలల తరబడి కూర్చుని చెక్కినది నేను వింటున్నాను, మీరు విన్నది అందులో సగం. పైగా చెవుల సంగతి. కచేరీల్లో ధ్వని సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. పాటను ప్రేమించేవాళ్ళు ముందుగా కాపాడుకోవాల్సింది చెవులనే కదా?

అక్క: చెవుల మాట కాదనను. ప్లగ్గులు లేకుండా వెళ్ళవద్దని ఈమధ్య మావాళ్ళందరికీ నేనే చెబుతున్నాను. నీ గదిలో వినిపించేంత స్పష్టంగా మైదానంలో వినిపించదన్నదీ నిజమే. కానీ వినడానికే వెళ్ళారా అన్నావే, అక్కడే నీతో పేచీ.

1999లో గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ మెయిడెన్ బృందంలోకి తిరిగి వచ్చాడు. అప్పటికే అతని స్థానంలో జానిక్ గెర్స్ ఉన్నాడు. మరొకరైతే గెర్స్‌ను సాగనంపేవారు. వీళ్ళు ఇద్దరినీ ఉంచుకున్నారు. డేవ్ మర్రేతో కలిసి ముగ్గురు గిటారిస్టులయ్యారు. రికార్డు వింటూ ఇన్ని గిటార్లు ఎందుకని నేనూ అనుకున్నాను. వేదిక మీద చూశాక అర్థమైంది. స్మిత్ ఉన్నచోటే నిలబడి ఒక్కొక్క స్వరాన్నీ తూచి వేస్తాడు. మర్రే నవ్వు ముఖంతో తీగల మీద జారిపోతూ ఉంటాడు. గెర్స్ గిటారును మెడ చుట్టూ తిప్పుతాడు, గాల్లోకి విసురుతాడు. ఒకే వరసను ముగ్గురు మూడు స్వభావాలతో వాయిస్తున్నారని కళ్ళతో చూశాక, ఇంటికి వచ్చి అదే రికార్డు పెడితే ఎవరిది ఏదో చెవికి తెలిసింది. నా చెవికి ఆ విద్య నేర్పింది మైదానం, స్పీకరు కాదు.

ఇక స్టీవ్ హ్యారిస్. ఆ బృందాన్ని 1975లో మొదలుపెట్టిన మనిషి, పాటల్లో చాలా భాగం అతను రాసినవే. పిక్ వాడడు, బేస్ గిటారును వేళ్ళతోనే మీటుతాడు. వేదిక అంచున ఉండే స్పీకరు మీద కాలు పెట్టి, బేస్‌ను తుపాకీలా జనం మీదికి గురిపెట్టి, ప్రతి మాటనూ పెదవులతో పలుకుతూ ఉంటాడు. అక్కడ అతని ముందు మైకు ఉండదు. పాడేది డికిన్సన్. అయినా ఒక్క మాట వదలడు. ఆ పెదవుల కదలిక నీ రికార్డులో ఏ పక్క వినిపిస్తుంది, ఎడమనా, కుడినా?

తమ్ముడు: అది వీడియోలో కనిపిస్తుంది. మైదానంలో వెనక నిలబడ్డవాడు కూడా తెర మీదే కదా చూసేది? అంత దూరం వెళ్ళి తెర చూడటానికి అంత ఖర్చా?

అక్క: వీడియో తీసినవాడు చూపించింది నువ్వు చూస్తావు. గెర్స్ గిటారు విసిరితే కెమెరా గెర్స్ మీదే ఉంటుంది. నేను ఆ క్షణాన హ్యారిస్‌ను చూస్తున్నాను. నా పక్కనున్న అబ్బాయి నికో మెక్‌బ్రెయిన్ డ్రమ్స్ తప్ప ఇంకేమీ చూడలేదు. తరువాత కూర్చుని మాట్లాడుకుంటే అతను చెప్పినదాంట్లో చాలా భాగం నాకు కొత్త. నేను చెప్పింది అతనికి కొత్త. నువ్వు కోతలంటున్నవి అవే. ఒక్కొక్కరూ తమ కంటబడిన ముక్క తెచ్చి పెడుతున్నారు.

తమ్ముడు: జ్ఞాపకం ముక్కలను అతికేటప్పుడు మనిషి తనకు నచ్చిన జిగురు పూస్తాడు, అది కూడా ఒప్పుకో. ఇంకో మాట. జనం హోరే కావాలంటే అదీ రికార్డుల్లో దొరుకుతుంది. అదే బృందం 1985లో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో ఇచ్చిన కచేరీల రికార్డు నా దగ్గర ఉంది. జనం ఉన్నారు, కేకలు ఉన్నాయి, ధ్వనీ బాగుంది. దుమ్ము ఒక్కటే లేదు.

అక్క: జనం ఉన్నారు, నువ్వు లేవు.

తమ్ముడు: నేను లేకపోతే ఆ పాటకు వచ్చిన లోటేమిటి?

అక్క: నువ్వొక్కడివే లేకపోతే ఏమీ లేదు. నీలాగే అందరూ అనుకుంటే లాంగ్ బీచ్‌లో జనం ఎక్కడినుంచి వస్తారు? వాళ్ళ పాట ఒకటి ఉంది, చీకటంటే భయపడే మనిషి గురించి. గాయకుడు నోరు విప్పకముందే గిటారు మీద ఒక వరస వస్తుంది. దానికి మాటల్లేవు. 1992లో స్టూడియోలో రికార్డు చేసినప్పుడు అది గిటారు సొత్తు. ఆ తరువాత ఏ దేశంలో వాయించినా జనం ఆ వరసను గొంతెత్తి పాడుతున్నారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. బెంగళూరులో మేమూ అందుకున్నాం. అంతవరకు ఆ బృందాన్ని కంటితో చూడనివాళ్ళం, తొలిసారి చూస్తున్నవాళ్ళం, ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో ఎలా తెలిసింది? నీలాంటి గదుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి ఒంటరిగా విన్నాం కాబట్టి తెలిసింది. గదిని నేను తక్కువ చేయడం లేదు. గదిలో నేర్చుకున్నది అప్పగించడానికి ఒక చోటు కావాలంటున్నాను. డికిన్సన్ కూడా ఆ వరస దగ్గర జనానికే వదిలేస్తాడు. ఇప్పుడు ఆ పాటలో ఆ భాగం శ్రోతలది. స్టూడియో రికార్డులో అది లేదు. కాబట్టి సగం విన్నది ఎవరో నువ్వే ఆలోచించు.

తమ్ముడు: వేదికే గొప్పదైతే ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ ఎందుకు దిగిపోయారు? 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మందికి పైగా వచ్చారు. ఆ అరుపుల్లో తమ వాయిద్యం తమకే వినిపించలేదు. మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించి, టిక్కెట్టు కచేరీలకు స్వస్తి చెప్పారు. జనం నెత్తిన పెట్టుకునే రికార్డులు కొన్ని ఆ తరువాత చేసినవే. గ్లెన్ గౌల్డ్ అంతటి పియానో విద్వాంసుడు 1964లోనే కచేరీలు మానేసి స్టూడియోలో కూర్చున్నాడు. కళాకారులే వద్దనుకున్నదాన్ని మీరు పట్టుకుని వేలాడుతున్నారు.

అక్క: బీటిల్స్ 1969 జనవరి 30న లండన్‌లో తమ ఆఫీసు మేడ ఎక్కి ఎందుకు వాయించారు? స్టూడియో చేతిలోనే ఉంది. టిక్కెట్టు లేదు, ముందుగా ప్రకటన లేదు, చలికాలం. కింద వీధిలో పోయేవాళ్ళు ఆగి తల పైకెత్తి విన్నారు. పోలీసులు వచ్చేదాకా సాగింది. మనుషుల ముందు వాయించాలన్న ఆకలి చావలేదు తమ్ముడూ. వాళ్ళను వేదిక దించింది ఆనాటి చేతగాని స్పీకర్లు, చెవులు మూసుకుపోయేంత అరుపులు.

తమ్ముడు: ఒక్కసారే ఎక్కారు. మళ్ళీ ఎక్కలేదు.

అక్క: ఆ ఒక్కసారి గురించే ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం.

తమ్ముడు: మాటలకేమి! అంత గొప్ప సంగతైతే హైదరాబాదుకు ఎందుకు రారు వీళ్ళు? మెయిడెన్ 2007లో బెంగళూరు, 2008 ఫిబ్రవరి 1న ముంబయి. ఆ పర్యటనలో డికిన్సనే బోయింగ్ 757 నడుపుకుంటూ తిరిగాడు కదా, మన విమానాశ్రయంలో దించలేకపోయాడా?

అక్క: బెంగళూరులో కళాశాల బ్యాండ్లు, రాక్ వినిపించే పబ్బులు దశాబ్దాలుగా ఉన్నాయి. వినేవాళ్ళున్న ఊరికి వస్తారు. మన దగ్గరా వస్తున్నారిప్పుడు. 2025 ఫిబ్రవరి 2న గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడలేదా?

తమ్ముడు: పాడాడు. తెలుగు పాట మాత్రం వారం తరువాత బెంగళూరులో, గాయని శిల్పారావును పక్కన పెట్టుకుని పాడాడు. మన ఊరికి వచ్చినప్పుడు గుర్తు రాలేదా?

అక్క: బెంగళూరులో తెలుగువాళ్ళు లేరా? ఎక్కడ పాడితే ఏమిటి?

తమ్ముడు: ఎక్కడ పాడినా ఒకటే అయితే నా గదిలో పాడినా ఒకటే. నువ్వే అన్నావు.

అక్క: అది మాట పట్టుకోవడం. ఒక ఇంగ్లండు గాయకుడు తెలుగు మాటలు నోటికి పట్టించుకుని పాడుతుంటే ఎదురుగా ఉన్న జనం గొంతు కలిపారు. అలాంటిది ఏ రికార్డులోనైనా ఉందా? అప్పటికప్పుడు, ఆ చోటే పుట్టింది. నీకు ఈర్ష్యగా ఉంటే ఉందని చెప్పు, వాదన కింద చెప్పవద్దు.

తమ్ముడు: సరే, వాదనలోకే వద్దాం. ఇంతవరకు నేను చెప్పనిది ఒకటుంది. 1988 ఆగస్టు 20, ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్ పార్కు. లక్ష మందికి పైగా జనం. ఆ రోజు ప్రధాన కచేరీ మీ ఐరన్ మెయిడెన్‌దే. అంతకు ముందు గన్స్ ఎన్ రోజెస్ అనే మరో బృందం వాయిస్తుండగా ముందు వరసల్లో తొక్కిసలాట జరిగింది. బురదలో జారి కింద పడ్డవాళ్ళ మీద జనం పడ్డారు. ఇద్దరు కుర్రవాళ్ళు చనిపోయారు. మెయిడెన్‌కు ఆ సంగతి తమ కచేరీ ముగిశాక తెలిసింది. 2021లో హ్యూస్టన్‌లో మరో కచేరీ తొక్కిసలాట పది మందిని బలి తీసుకుంది. గుంపులో కలిసిపోవడం, గొంతు కలపడం అని నువ్వు అంత అందంగా చెబుతున్నావే, ఆ గుంపే ఊపిరి తీస్తుంది. నా గదిలో పాట విని ఎవరూ చావలేదు.

అక్క: 1988 తరువాతి ఏడాది డోనింగ్టన్‌లో ఆ సంగీతోత్సవం జరపలేదు. తరువాత జనం సంఖ్యకు హద్దు పెట్టారు. అదే పార్కులో 2007 జూన్‌లో మన ఢిల్లీ బృందం పరిక్రమ వాయించింది. బెంగళూరులో మెయిడెన్ కంటే ముందు వేదికెక్కినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. అది విన్న మెయిడెన్ వాళ్ళే ఇంగ్లండ్‌కు పిలిపించారు. రాక్ పాటలో వయొలిన్ వాయించే మన బృందం...

తమ్ముడు: అక్కా, ఇద్దరు చనిపోయిన మాటకు పరిక్రమ జవాబు కాదు.

అక్క: కాదు. నువ్వన్నది నిజం. ఆ మాటకు జవాబు పాటలో లేదు, బారికేడ్లలో ఉంది, దారుల వెడల్పులో ఉంది, జనం ఒత్తిడి పెరిగిన క్షణాన కచేరీ ఆపించగల అధికారం ఒకరి చేతిలో ఉండటంలో ఉంది. స్థలానికి మించి టిక్కెట్లు అమ్మేవాడిని నేను ఏ రోజూ వెనకేసుకురాను. అభిమానులం అనుభవాలు చెప్పుకునేటప్పుడు ఇది కూడా చెప్పుకోవాలి. ఏ మైదానంలో గేటు ఇరుకు, ఎక్కడ నీళ్ళు దొరకవు, ఏ మూల ఊపిరాడలేదు. సాధారణంగా చెప్పుకోం, ఒప్పుకుంటున్నాను. గొప్పలు ముందుకు వస్తాయి, ఇవి వెనకబడతాయి. కానీ దానికి మందు ఇంట్లో కూర్చోవడం కాదు.

తమ్ముడు: ఇంట్లో కూర్చోక తప్పనివాళ్ళ సంగతేమిటి? 2025 జనవరిలో కోల్డ్‌ప్లే బృందం ముంబయి కచేరీలకు టిక్కెట్టు 2,500 నుంచి 35 వేల రూపాయల దాకా. అమ్మకం మొదలైన రోజు కోటి మందికి పైగా ఆన్‌లైన్ వరసలో నిలబడ్డారు. దక్కించుకున్న కొందరు లక్షలకు అమ్మజూపారు. నువ్వు వెళ్ళినరోజుల్లో విద్యార్థి కూడా ఎలాగో కొనుక్కోగలిగాడు. ఇప్పుడు వేదిక ముందు నిలబడేది పాట నోటికి వచ్చినవాడు కాదు, డబ్బున్నవాడు. వాడికి నీ మాటల్లేని వరస ఎక్కడ ఎత్తుకోవాలో తెలుస్తుందా?

అక్క: ఇంతసేపటిలో నువ్వన్న వాటిలో నాకు బాగా తగిలింది ఇదే. పాట తెలిసినవాడు గేటు బయట, తెలియనివాడు ముందు వరసలో ఫోను పైకెత్తి పట్టుకుని ఉంటే ఆ కచేరీ చచ్చినట్టే. కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక పాట మధ్యలో ఆపి, ఈ ఒక్క పాటకైనా ఫోన్లు లోపల పెట్టండని జనాన్ని బతిమాలుతాడు. బతిమాలాల్సి వస్తోందంటే చూడు. అయినా నేను చెప్పేది ఒక్కటే. మనుషులు కలిసి వినడం తప్పని కాదు, దాన్ని వేలం వేయడం తప్పని పోట్లాడాలి. నువ్వు వేలం మీది కోపంతో కలిసి వినడాన్నే పారేస్తున్నావు. మేము బెంగళూరు వెళ్ళిన ఆ రోజు, మార్చి 17న, వెస్టిండీస్‌లో ప్రపంచ కప్ మ్యాచ్ నడుస్తోంది. భారత్ 191కి ఆలౌటై బంగ్లాదేశ్ చేతిలో ఓడింది. దేశమంతా టీవీల ముందు తల పట్టుకుని కూర్చున్న రాత్రి అది. మైదానం దాటి బయటికి వచ్చి, తిరుగు బస్సులో ఉండగా ఆ కబురు తెలిసింది. మా బస్సులో కాసేపు అందరికీ మనసు పాడైంది. తరువాత వెనక సీటులో ఎవరో ఆ మాటల్లేని వరస ఎత్తుకున్నారు. బస్సంతా అందుకుంది.

తమ్ముడు: ఒకవేళ ఎప్పుడైనా నీతో వస్తే, నేను సౌండ్ మిక్సర్ బల్ల పక్కన నిలబడతాను. మైదానంలో ధ్వని సరిగ్గా వినిపించేది అక్కడే. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటాను. గుంపులోకి రమ్మని చెయ్యి పట్టి లాగకూడదు.

అక్క: లాగను. నేను హ్యారిస్ నిలబడే పక్కకు వెళ్తాను. అయిపోయాక గేటు దగ్గర కలుద్దాం. నీకు వినిపించింది నువ్వు చెప్పు, నాకు కనిపించింది నేను చెబుతాను.

తమ్ముడు: నువ్వు చెప్పేదాంట్లో సగం తీసేసి వింటాను.

అక్క: మిగతా సగమైనా విను.