అసహ్యించుకున్నవాడికే అంకితం

కరీబియన్ దీవి ఆంటిగ్వాలోని ఇంగ్లిష్ హార్బర్‌లో బ్రిటిష్ నౌకాదళం 1889లో వదిలిపెట్టి పోయిన పాత నౌకా మరమ్మతు కేంద్రానికి ‘నెల్సన్స్ డాక్‌యార్డ్’ అని పేరు. బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ అడుగుజాడలలో నడిచి తరించండని పర్యాటక ప్రచారం యాత్రికులను ఆహ్వానిస్తూ ఉంటుంది. ఇందులో ఇబ్బంది ఒక్కటే: ఆ అడుగులు ఎక్కడ పడ్డాయో వెదకాలి. హొరేషియో నెల్సన్ 1784లో బోరియస్ అనే యుద్ధనౌకకు కెప్టెన్‌గా వచ్చి 1787లో వెళ్లిపోయాడు. నేడు హోటలుగా మారిన తారు, సీసం గిడ్డంగి 1788 నాటిది. మ్యూజియం ఉన్న భవనం 1855 నాటిది, అంటే ఆ మహానుభావుడు ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో కన్నుమూసిన 50 ఏళ్లకు కట్టినది. భక్తి ఉంటే ఇటువంటి చిల్లర లెక్కలు అడ్డు రావు కాబోలు.

పోనీ, ఆయనకైనా ఆ చోటు మీద మమకారం ఉండేదా అంటే, ఉత్తరాలలో దానిని నరకకూపమని తిట్టిపోశాడు. జ్వరం వచ్చి తల గొరిగించుకుని విగ్గు పెట్టుకున్నాడు; ఆ విగ్గుతో సహా మిత్రుడు కాలింగ్‌వుడ్ ఆయన బొమ్మ గీశాడు. అమెరికా ఓడలతో వర్తకం కూడదన్న చట్టాన్ని పట్టుపట్టి అమలు చేసినందుకు దీవుల పెద్దమనుషులు ముఖం చాటేశారు. దావాలు పడేసరికి, అరెస్టు చేస్తారన్న భయంతో నెవిస్ దీవి దగ్గర ఓడ దిగకుండా కూర్చున్నాడు.

ఇంతటి అనుబంధం గలవారు కనుక, ఆయన ఆత్మను పిలిచి శాలువా కప్పడం సముచితమని నా సూచన. ఇక్కడినుంచి వెళ్లాక యుద్ధంలో ఒక చేయి పోగొట్టుకున్న ఆ ఆత్మ గేటు దగ్గరకు రాగానే గుమాస్తా టికెట్ అడుగుతాడు. ‘నేనే నెల్సన్‌ను’ అంటే నమ్మడు. ఇక్కడ పనిచేసిన నెల్సన్‌కు రెండు చేతులూ చక్కగా ఉండేవి, విగ్గు కూడా ఉండేది, తమరెవరో ఒంటిచేతి పెద్దమనిషి, దయచేసి వరుసలో నిలబడండి అంటాడు. ఎలాగో టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి, కోటీశ్వరుల పడవలను, వాటి మీద మద్యం గ్లాసులను దాటుకుంటూ అధికారిని పట్టుకుని, ‘నాయనా, ఇక్కడినుంచి బయటపడితే చాలునని మూడేళ్లు ఏడ్చినవాడిని, నా పేరు తీసేయండి’ అని బతిమాలుతాడు. ‘తమరి బాధ మాకు తెలుసు సార్, కాని కప్పుల మీద అచ్చయిపోయింది, సరుకు అమ్ముడుపోయాక ఆలోచిద్దాం’ అని ఆ అధికారి ఆయన చేతిలోనే ఒక కప్పు పెట్టి, డబ్బులు అడుగుతాడు.

ఈ తమాషా ఇంతటితో ఆపవచ్చు, ఎందుకంటే ఆ గోడలు కట్టినవారికి నవ్వుకునే తీరిక లేదు. 1720లలో పనులు మొదలైన నాటినుంచి చెరకు తోటల యజమానులు పంపిన ఆఫ్రికన్ బానిసలే అక్కడ రాళ్లు మోశారు. ఓడను పొడిగా నిలిపే డ్రైడాక్ లేదు కనుక, నిలువు ఇరుసులకు కర్రలు తొడిగి, మనుషులే గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ మోకులు లాగి, ఓడను పక్కకు ఒరిగించి, అడుగున పట్టిన నాచును గీకేవారు. ఆ ఇరుసులు ఇప్పటికీ ఉన్నాయి, యాత్రికులు వాటి పక్కన ఫోటోలు దిగుతారు. 1744 మార్చి 8న అక్కడ తుపాకీమందు పేలి ఎనిమిది మంది బానిసలు చనిపోయారు. ఎనిమిది మంది! వారిలో ఒక్కడి పేరైనా గేటు మీద లేదు. గేటు మీద ఉన్నది ఎవరి పేరు? 1805లో జమైకా తోటల యజమాని సైమన్ టేలర్‌కు ఉత్తరం రాసి, బానిస వ్యాపారాన్ని ఆపాలన్న విల్బర్‌ఫోర్స్‌ను తిట్టినవాడి పేరు. దీనిని వారసత్వం అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. 2016లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ‘ఆంటిగ్వా నౌకాదళ డాక్‌యార్డ్’ అనే రాసింది, బానిసల శ్రమ లేకుంటే ఇది లేదని కూడా రాసింది. పరాయివారికి తట్టిన సంగతి గేటు దాకా రాలేదు.

పేర్లు పెట్టడం ఆ దేశానికి చేతకాదని కాదు. ఆ గడ్డ మీద పుట్టిన వివియన్ రిచర్డ్స్ పేరు స్టేడియానికి పెట్టుకుంది. దేశంలోకెల్లా ఎత్తైన బాగీ పీక్‌ను 2009లో మౌంట్ ఒబామాగా మార్చి, 2016లో మళ్లీ బాగీ పీక్‌గా చేసింది. ఏడేళ్లలో ఒక కొండకు రెండుసార్లు నామకరణం చేసిన ప్రభుత్వానికి, గేటు మీది పలక దించడానికి మాత్రం నిచ్చెన దొరకలేదు.