డబ్బీ మీద ప్యారిస్, లోపల మైనం

మూతపై ఈఫిల్ టవర్ బొమ్మ చూసి, 10 గ్రాముల ‘ఫ్రెంచి’ ఘన సెంటును 300 రూపాయలకు కొన్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. తేనెమైనంలో నూనెలు కలిపి చేసే ఈ సెంటులో ఆల్కహాలు ఉండదు కనుక వాసన దూరానికి వ్యాపించదని నాకు తెలుసు; నా బాధ అది కాదు. మణికట్టుకు రాసుకొని బస్సెక్కితే రెండో స్టాపుకే మల్లెల వాసన మాయమై, ఆర్పిన కొవ్వొత్తి వాసన మిగిలింది. విజయవాడ మే నెల ఎండకైతే అది సంచిలోనే మెత్తబడి, మూత సందులోంచి కారి, బస్సు పాసును జిడ్డు చేసింది. పరిమళాల తయారీ నైపుణ్యానికి 2018లో యునెస్కో గుర్తింపు పొందిన, దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ ప్రాంతం పేరును డబ్బీ వెనుక అచ్చువేయడానికి వారికి చేతులెలా వచ్చాయో! (ఈఫిల్ టవరున్నది అక్కడ కూడా కాదు.) పాసుపై నా ఫొటో ఇప్పటికీ జిడ్డుగానే మెరుస్తోంది.